3054, 5054: రెండు పద్దుల మధ్య రాష్ట్ర రహదారి

రాష్ట్ర బడ్జెట్ పుస్తకాల్లో రోడ్లకు ప్రధానంగా రెండు పద్దులు కనిపిస్తాయి. ఒకటి 5054. కొత్త రోడ్డు వేసినా, ఉన్నదాన్ని వెడల్పు చేసినా, వంతెన కట్టినా ఖర్చు ఇందులో పడుతుంది. ఇది పెట్టుబడి వ్యయం. రెండోది 3054. గుంతలు పూడ్చడం, బెర్ములు (తారు పక్కనుండే మట్టి అంచులు) సరిచేయడం, తుప్పలు కొట్టించడం, కొన్నేళ్లకోసారి పై పొర మార్చడం ఇందులోకి వస్తాయి. ఇది రెవెన్యూ వ్యయం. జీతాలు, పింఛన్లు, వడ్డీలు, సబ్సిడీలు ఉండే గాటనే దీన్నీ కట్టేశారు. రాష్ట్ర రహదారులు ఎందుకిలా ఉన్నాయని అడిగితే కాంట్రాక్టరు కక్కుర్తి, ఇంజనీరు నిర్లక్ష్యం, నాయకుల కమీషన్లు అన్న జవాబులు నోటి చివరే ఉంటాయి. వాటిలో నిజం లేకపోలేదు. కానీ అందరూ నిజాయతీగా పనిచేసిన చోట కూడా రోడ్డు పాడవడానికి చాలినంత కారణం ఈ రెండు పద్దుల తేడాలోనే ఉంది. అది తెలియాలంటే ముందు రోడ్డు ఎలా తయారవుతుందో, దేనివల్ల చెడుతుందో చూడాలి.

ఏది ఎవరి రోడ్డు

రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో రోడ్లు రాష్ట్రాల జాబితాలో, 13వ అంశంగా ఉన్నాయి. జాతీయ రహదారులుగా ప్రకటించినవి మాత్రమే కేంద్ర జాబితాలోని 23వ అంశం కింద ఢిల్లీకి చెందుతాయి. దేశంలో మొత్తం రోడ్లు 60 లక్షల కిలోమీటర్లకు పైనే. అందులో జాతీయ రహదారులు సుమారు 1.46 లక్షల కిలోమీటర్లు, రాష్ట్ర రహదారులు దాదాపు 1.8 లక్షల కిలోమీటర్లు. మిగతావి జిల్లా రోడ్లు, పంచాయతీరాజ్ రోడ్లు, పట్టణ వీధులు. దారి పక్కన కిలోమీటరు రాయి తల పసుపుగా ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చగా ఉంటే రాష్ట్ర రహదారి. తెలుగు రాష్ట్రాల్లో రాష్ట్ర రహదారులూ, జిల్లా ప్రధాన రహదారులూ రోడ్లు భవనాల శాఖ చేతిలో ఉంటాయి. జనం నోట అది ఆర్ అండ్ బీ.

ఈ విభజనలో ఓ చిక్కుంది. బాగా రద్దీగా ఉండే రాష్ట్ర రహదారిని జాతీయ రహదారిగా మార్చమని రాష్ట్రమే కేంద్రాన్ని అడుగుతుంది. ఖర్చు తప్పుతుంది కదా అని. 2014 నాటికి 91 వేల కిలోమీటర్లున్న జాతీయ రహదారులు పదేళ్లలో 1.46 లక్షలకు చేరడంలో పెద్ద వాటా ఇలా మారిన రాష్ట్ర రోడ్లదే. పాత రోడ్డుకు కొత్త నంబరు, కొత్త యజమాని. అందులో తప్పేమీ లేదు. తంటా అంతా మధ్యకాలంలో. కేంద్రం 'సూత్రప్రాయంగా' ఒప్పుకొని, నోటిఫికేషన్ ఇవ్వకుండా ఏళ్ల తరబడి ఆపిన రోడ్లు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. రేపోమాపో పోయే రోడ్డు మీద డబ్బెందుకని రాష్ట్రం ఊరుకుంటుంది. ఇంకా తనది కాని రోడ్డు గురించి కేంద్రం మాట్లాడదు. ఆ నాలుగైదేళ్లూ ఆ దారిన పోయేవాళ్ల నడుముకే తెలుస్తుంది.

నేల నుంచి తారు దాకా

రోడ్డంటే పైన కనిపించే నల్లటి తారు అనుకుంటాం. నిజానికి బరువు మోసేది అడుగున ఉన్న నేల. పైనున్న పొరలన్నీ చక్రం బరువును పలచగా పరిచి ఆ నేలకు అందించే ఏర్పాటు మాత్రమే. అందుకే డిజైన్ మొదలయ్యేది మట్టి పరీక్షతో. మట్టి బలాన్ని సీబీఆర్ అనే అంకెతో కొలుస్తారు. గట్టి మొరం నేలకు ఈ అంకె ఎక్కువ వస్తుంది. నల్లరేగడికి రెండు మూడు శాతం దగ్గరే ఆగిపోతుంది. ఆదిలాబాద్, కర్నూలు, గుంటూరు వైపు రోడ్లకు ఇదే శాపం. వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుని, నెర్రెలిచ్చే నేల మీద తారు ఎంత మంచిదైనా అలలు అలలుగా లేస్తుంది. పై మట్టి తవ్వి మొరంతో నింపడమో, సున్నం కలిపి స్థిరపరచడమో చేయాలి. రెండూ ఖర్చుతో కూడినవే. రెండూ పూర్తయ్యాక కంటికి కనిపించవు. ప్రారంభోత్సవం నాడు చూపించడానికి పనికిరాని ఖర్చు కాబట్టి అంచనాలు తగ్గించాలన్నప్పుడు మొదటి వేటు దీనిమీదే పడుతుంది.

దీని తర్వాత ట్రాఫిక్ లెక్క. వారం రోజులపాటు రాత్రింబగళ్లు వాహనాలను రకాలవారీగా లెక్కపెడతారు. కొన్నిటిని ఆపి ఇరుసు బరువు తూస్తారు. వచ్చే 15, 20 ఏళ్లలో ఆ దారిన పోయే బరువు ఎన్ని ప్రామాణిక ఇరుసులకు (లెక్క కోసం ఖరారు చేసిన ఇరుసు బరువు) సమానమో అంచనా వేసి, ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన ఐఆర్‌సీ:37 ప్రకారం ఏ పొర ఎంత మందం ఉండాలో తేలుస్తారు. 1934లో ఏర్పడిన ఈ కాంగ్రెస్ పత్రాలే దేశమంతటా రోడ్డు ఇంజనీర్లకు ప్రమాణం. 

పొరల వరుస ఇలా ఉంటుంది. అడుగున గట్టిగా దిమ్మిస చేసిన అర మీటరు మట్టి. దానిమీద జీఎస్‌బీ, అంటే నీరు బయటికి పోవడానికి వీలిచ్చే మెటల్, గ్రావెల్ పొర. ఆపైన నీళ్లు కలిపిన కంకర మిశ్రమం, అదే వెట్ మిక్స్. దానిమీద పలచని తారు చల్లి, తారుతో కలిపిన కంకర పొరలు రెండు. కిందిది మందంగా, ముతకగా ఉంటే పైది పలచగా, నున్నగా ఉంటుంది. తారు మిశ్రమం ప్లాంటులో 150 నుంచి 165 డిగ్రీల వేడిలో తయారై లారీలో పట్టా కప్పుకుని వస్తుంది. పరిచేటప్పుడు 140 డిగ్రీలకు తగ్గకూడదు. 90 డిగ్రీలకు చల్లారేలోగా రోలర్ పని ముగియాలి. ప్లాంటు దూరంగా ఉండి, దారిలో లారీ ఆగిపోతే ఆ లోడు కంటికి నల్లగానే కనిపిస్తుంది కానీ సరిగ్గా అణగదు. అణగని చోట సన్నని ఖాళీలు మిగులుతాయి. వాటిలోకి నీరు దిగుతుంది. ఆర్నెల్లకో ఏడాదికో అక్కడే మొదటి గుంత. క్వాలిటీ కంట్రోల్ వాళ్లు కోర్ కటింగ్ చేసి, అంటే రోడ్డులోంచి గుండ్రటి ముక్క కోసి తీసి, మందం కొలిస్తే సరిపోయినట్టే తేలవచ్చు. అణగకపోవడం మందంలో కనిపించదు, సాంద్రత పరీక్షలోనే బయటపడుతుంది.

రోడ్డు మధ్యలో ఉండే వంపు గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఏడు మీటర్ల రెండు వరసల తారు రోడ్డుకు రెండున్నర శాతం వాలు ఇస్తే నడిమి గీత అంచుకన్నా దాదాపు 9 సెంటీమీటర్లు ఎత్తులో ఉంటుంది. వాననీరు క్షణాల్లో పక్కకు జారిపోవడానికి ఈ 9 సెంటీమీటర్లే ఆధారం. జారిన నీరు బెర్ము దాటి పక్క కాలవలో పడాలి. ఇక్కడే అసలు కథ మొదలవుతుంది. ఏటా గడ్డి పెరిగి, దుమ్ము పేరుకుని బెర్ము తారు కన్నా రెండంగుళాలు పైకి లేస్తుంది. ఇక నీరు పోయే దారి లేదు. తారు అంచునే చారలా నిలబడుతుంది. దాన్ని చెక్కి వాలు సరిచేయడానికి పెద్ద యంత్రాలక్కర్లేదు, ఒక ముఠా కూలీలు నాలుగు పారలతో రోజుకు గణనీయమైన దూరం చేయగలరు. ఒకప్పుడు ప్రతి కొన్ని కిలోమీటర్లకు శాఖ తరఫున గ్యాంగ్ కూలీలు ఉండేవాళ్లు. వాళ్లు పదవీ విరమణ చేశాక ఆ ఖాళీలు చాలావరకు భర్తీ కాలేదు. ఇప్పుడు బెర్ము చెక్కడం కూడా ఒక అంచనా, ఒక టెండరు, ఒక బిల్లు.

డెల్టాలో ఈ బాధ ఇంకో రూపంలో ఉంటుంది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో రోడ్లు కాలవ గట్ల మీద పోతాయి. ఒక పక్క కాలవ, మరో పక్క వరిచేను లేదా రొయ్యల చెరువు. కొన్నిచోట్ల రోడ్డు గట్టే చెరువు గట్టు కూడా. రెండు వైపులా నీటి మధ్య ఉన్న మట్టి ఎప్పటికీ పూర్తిగా ఆరదు, తడిసిన మట్టికి మోసే శక్తి సగానికి సగం పడిపోతుంది. సీజన్లో దమ్ము చక్రాల ట్రాక్టర్లు చేను నుంచి చేనుకు తారు మీదుగా నడిస్తే పై పొర గీరుకుపోతుంది. నిషేధాలున్నాయి, అప్పుడప్పుడు కేసులూ పెడతారు. నాట్ల హడావిడిలో వాటిని పట్టించుకునే నాథుడుండడు.

ఇరుసు లెక్క

రోడ్డును చెడగొట్టేది ఎన్ని బండ్లు తిరిగాయన్న సంఖ్య కన్నా ఒక్కో ఇరుసు మీద ఎంత బరువుందన్నదే. 1958–60లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, ఒట్టావా పట్టణం దగ్గర, ప్రత్యేకంగా వేసిన రోడ్ల మీద రెండేళ్లపాటు లారీలు తిప్పి చేసిన పరీక్షల నుంచి ఒక సూత్రం వచ్చింది. నష్టం సుమారుగా ఇరుసు బరువు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. బరువు రెట్టింపైతే నష్టం 16 రెట్లు.

మన డిజైన్లలో ప్రామాణిక ఇరుసు 8.16 టన్నులు. కారు ఇరుసు మీద ఆరు వందల కిలోలు ఉందనుకుంటే, 30 వేల కార్ల ఇరుసులు పోయినా ఒక ప్రామాణిక ఇరుసు చేసే నష్టానికి సాటి రావు. కాబట్టి కార్లు, బైకులు రోడ్డును చెడగొట్టడం లేదన్నమాటే. వాటివల్ల రద్దీ పెరుగుతుంది, అది వేరే సంగతి. నాలుగు టైర్ల ఇరుసుకు చట్టం చాలాకాలం 10.2 టన్నులు అనుమతించింది. 2018 జులైలో కేంద్రం దాన్ని 11.5 టన్నులకు పెంచింది. రవాణా ఖర్చు తగ్గుతుందని, ఎలాగూ అందరూ ఎక్కువే వేస్తున్నారని వాదన. బరువు పెరిగింది 13 శాతం లోపే. నాలుగో ఘాతం లెక్కలో ఆ ఇరుసు చేసే నష్టం 60 శాతానికి పైగా పెరిగింది. అప్పటికే వేసి ఉన్న రోడ్లు పాత అంకెలతో డిజైన్ చేసినవి. వాటి ఆయుష్షు ఒక్క నోటిఫికేషన్‌తో తగ్గిపోయింది. లారీ యజమానికి మిగిలింది అతని ఖాతాలో కనిపిస్తుంది. రోడ్డుకు పడిన దెబ్బ ఏ ఖాతాలోనూ కనిపించదు, కొన్నేళ్ల తర్వాత 3054 మీద భారంగా వస్తుంది.

ఇది చట్టబద్ధమైన బరువు సంగతి. ఇసుక, కంకర, సిమెంటు, బూడిద మోసే టిప్పర్లలో చట్టం దాటిన బరువు మామూలే. 14 టన్నుల ఇరుసు ఒక్కసారి పోతే ఎనిమిది ప్రామాణిక ఇరుసులు దాటినదానికన్నా ఎక్కువ నష్టం. ఇసుక రీచ్ తెరిచిన ఆర్నెల్లలో పక్కనున్న జిల్లా రోడ్డు పాడవడంలో వింత లేదు. ఆ రోడ్డు ఆ బరువుకు వేసింది కాదు. రీచ్ ఆదాయం గనుల శాఖకు, ఓవర్‌లోడ్ జరిమానా రవాణా శాఖకు, గుంతలు ఆర్ అండ్ బీకి.

డబ్బు ఎక్కడిది

రోడ్ల కోసమే పన్ను వేసి రోడ్లకే వాడాలన్న ఆలోచన మన దేశంలో కొత్తది కాదు. 1927లో ఎం.ఆర్. జయకర్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ అదే సిఫార్సు చేసింది. దాని ఫలితంగా 1929లో పెట్రోలు మీద గాలనుకు 2 అణాలు అదనపు సుంకం వేసి కేంద్ర రహదారి నిధి పెట్టారు. 2000లో ఆ నిధికి చట్టబద్ధత వచ్చింది. 2018లో దాని పేరులో 'మౌలిక వసతులు' చేరి, రోడ్లతో పాటు ఇతర పనులకూ వాడుకునే వీలు కలిగింది. పెట్రోలు, డీజిలు మీద వేసే రోడ్డు సెస్సే దీనికి ఆధారం. 2020 మేలో ఇది లీటరుకు 18 రూపాయల దాకా పెరిగింది, తర్వాత రెండు విడతల్లో బాగా తగ్గించారు. సెస్సుల్లో రాష్ట్రాలకు పన్నుల వాటా రాదు. అందువల్ల మామూలు ఎక్సైజు సుంకం తగ్గించి సెస్సు పెంచిన ప్రతిసారీ రాష్ట్రాలకు పంచాల్సిన కుప్ప చిన్నదవుతుంది. నిధి నుంచి రాష్ట్ర రోడ్లకు కొంత తిరిగి వస్తుంది కానీ ఏ పనికి ఇవ్వాలన్న ఆమోదం ఢిల్లీదే. ఆ డబ్బూ రోడ్ల అభివృద్ధికే, గుంతలకు కాదు.

రాష్ట్రానికి సొంతంగా రెండు పెద్ద వనరులున్నాయి. ఇంధనం మీద వ్యాట్ ఒకటి, వాహన పన్ను రెండోది. బండి కొన్నప్పుడు లైఫ్ టాక్స్ కట్టినవాళ్లు 'మా పన్నుకు రోడ్డేదీ' అని అడగడం సహజం. ఆ పన్ను నేరుగా సంచిత నిధిలో, అంటే రాష్ట్రం ఉమ్మడి ఖజానాలో కలుస్తుంది. అందులోంచి రోడ్లకు ఎంతన్నది ఏటా బడ్జెట్లో తేలాల్సిందే, చట్టం ప్రకారం వాటా ఏమీ లేదు. ఆంధ్రప్రదేశ్ 2020లో లీటరు పెట్రోలు, డీజిలు మీద రూపాయి చొప్పున రోడ్డు అభివృద్ధి సెస్సు వేసింది. దాన్ని చూపి రోడ్ల అభివృద్ధి కార్పొరేషన్ ద్వారా బ్యాంకు అప్పు తెచ్చి మరమ్మతులు చేపట్టారు. అంటే రాబోయే ఏళ్ల రూపాయలు ముందే ఖర్చయ్యాయి. అప్పటికి దిక్కు లేని మరమ్మతులకు అది ఊపిరే. వచ్చే విడత మరమ్మతుల నాటికి ఆ రూపాయి వాయిదాలకు పోతూ ఉంటుంది.

ఇక అప్పులు. ఉమ్మడి రాష్ట్రంలో 1997లో ప్రపంచ బ్యాంకు రుణంతో రాష్ట్ర రహదారుల ప్రాజెక్టు, 2009లో మళ్లీ అదే బ్యాంకుతో రోడ్డు రంగ ప్రాజెక్టు వచ్చాయి. ఆసియా అభివృద్ధి బ్యాంకు అప్పుతో వేసిన రోడ్డును రాజానగరం, పెద్దాపురం వైపు జనం నేటికీ 'ఏడీబీ రోడ్డు' అనే పిలుస్తారు. రాజు పేరో, నాయకుడి పేరో పెట్టుకునే దేశంలో అప్పిచ్చినవాడి పేరు నిలిచిపోయిన రోడ్డది. తర్వాత బ్రిక్స్ దేశాల న్యూ డెవలప్‌మెంట్ బ్యాంకు వచ్చింది. గ్రామీణ వసతుల నిధి కింద నాబార్డు రుణాలు 1995–96 నుంచీ ఉన్నాయి. 2020–21 నుంచి కేంద్రం రాష్ట్రాలకు 50 ఏళ్ల వడ్డీ లేని అప్పులిస్తోంది, ప్రధాన షరతు: పెట్టుబడి పనులకే వాడాలి.

ఈ వరుసంతా చూస్తే ఒకటి స్పష్టం. బయటి నుంచి వచ్చే సొమ్ములో అత్యధిక భాగం 5054 దగ్గరే ఆగుతుంది. అప్పిచ్చేవాడికి ఆస్తి కనిపించాలి. ఆర్థిక క్రమశిక్షణ చట్టాలు కూడా అప్పును రోజువారీ ఖర్చుకు వాడొద్దనే చెబుతాయి, అది మంచి నియమమే. దాని నీడలో 3054కు మిగిలేది రాష్ట్రం సొంత రెవెన్యూ. జీతాలు ఆపలేరు, వడ్డీలు ఆపలేరు, ఎన్నికల హామీలు ఆపరు. ఆపినా వెంటనే ఎవరూ రోడ్డెక్కని ఖర్చు రోడ్డు నిర్వహణే.

దీన్ని ఢిల్లీ గమనించకపోలేదు. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా సిఫార్సు చేసే ఆర్థిక సంఘాల్లో 12వది 2006–10 మధ్య నాలుగేళ్లకు రాష్ట్రాల రోడ్లు, వంతెనల నిర్వహణకే 15,000 కోట్ల రూపాయలు విడిగా కేటాయించింది. 13వ ఆర్థిక సంఘం 2011–15కు 19,930 కోట్లు ఇచ్చింది. రాష్ట్రం మామూలుగా పెట్టే ఖర్చుకు ఇది అదనంగా ఉండాలి, దానికి బదులుగా ఉండకూడదు అని షరతు కూడా పెట్టాయి. 14వ సంఘం రాష్ట్రాల పన్నుల వాటాను 42 శాతానికి పెంచి, ఇలాంటి విడి గ్రాంట్లకు స్వస్తి పలికింది. రాష్ట్రాలు తమ అవసరాలు తామే చూసుకోగలవన్నది తర్కం. సూత్రంగా దానికి తిరుగు లేదు. కాకపోతే డబ్బుకు చిరునామా ఉన్నన్నాళ్లు రోడ్డుకు చేరింది, చిరునామా తీసేశాక దారి తప్పింది.

చిన్న పగులు, పెద్ద బిల్లు

తారు ఎండకు పెళుసెక్కుతుంది. నాలుగైదేళ్లకు వెంట్రుకవాసి పగుళ్లు తేలతాయి. ఆ దశలో పలచని పై పొర వేస్తే నీరు లోపలికి పోదు, అడుగు పొరలు చెక్కుచెదరవు. అలా వేయకపోతే రెండు వానాకాలాల్లో నీరు వెట్ మిక్స్ దాకా దిగుతుంది. లారీ చక్రం నొక్కినప్పుడల్లా ఆ నీరు సన్నని మట్టిని పిండి పైకి చిమ్ముతుంది. పగులు పక్కన తెల్లటి చారలు కనిపిస్తే అర్థం ఇదే. కింద గుల్లవుతున్న కొద్దీ పైన పగుళ్లు మొసలి చర్మంలా గళ్లుగళ్లుగా అల్లుకుంటాయి. ఒక గడి ఊడితే గుంత. అప్పటికి పై పొర మార్చడం దండగ. అడుగుదాకా తవ్వి కొత్తగా కట్టాలి, ఖర్చు ఎన్నో రెట్లు.

పద్దుల మాయ ఇక్కడుంది. పగుళ్ల దశలో పై పొర మార్చడం 3054 పని, దానికి డబ్బు దొరకదు. పూర్తిగా పాడయ్యాక 'పటిష్ఠపరచడం, వెడల్పు చేయడం' అని పేరు పెట్టి అంచనా వేస్తే అది 5054 పని. అప్పుకు అర్హత వస్తుంది, శంకుస్థాపన రాయి పడుతుంది, పత్రికలో వార్త వస్తుంది. రోడ్డును కాపాడటం కష్టం, పాడుచేసుకుని మళ్లీ వేయడం తేలిక అన్న స్థితికి ఎవరూ పనిగట్టుకుని తేలేదు. ఖాతాల అమరికే అక్కడికి తెచ్చింది. ఏ ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) కుర్చీలో ఎవరు కూర్చున్నా ఏ రోడ్డుకు నిధులు తేలిగ్గా వస్తాయో ఆ ప్రతిపాదనే పైకి పంపుతారు.

గుంత పూడ్చడానికీ ఓ పద్ధతుంది. గుంత ఎలా ఉన్నా చుట్టూ నలుచదరంగా, అంచులు నిట్టనిలువుగా కోయాలి. వదులుగా ఉన్నదంతా తీసి, ఊడ్చి, ఆరనిచ్చి, అడుగుకూ గోడలకూ పలచగా తారు పూయాలి. వేడి మిశ్రమం పోసి చుట్టుపక్కల రోడ్డు కన్నా కాస్త పైకి వచ్చేలా పెట్టి రోలర్ తిప్పాలి. వానాకాలంలో జరిగేది ఇందులో ఏదీ కాదు. మంత్రి పర్యటన ముందు రోజు ట్రాక్టరుతో గ్రావెల్ తెచ్చి పోస్తారు. రెండు రోజుల్లో చక్రాలు దాన్ని చెల్లాచెదురు చేస్తాయి, ఆ గులకరాళ్ల మీద ద్విచక్ర వాహనాలు జారతాయి. వానలో వేడి తారు వేయలేం కాబట్టి గ్రావెల్ తప్పదని ఇంజనీర్లంటారు. నిజమే. అందుకే అసలు పని వానలకు ముందే, ఏప్రిల్, మే నెలల్లో ముగియాలి. కొత్త బడ్జెట్ ఏప్రిల్‌లో మొదలై, అనుమతులు, అంచనాలు, టెండర్లు దాటి పని చేతికొచ్చేసరికి తొలకరి వచ్చేస్తుంది. ఆర్థిక సంవత్సరానికీ రుతుపవనాలకూ ఎప్పుడూ పొత్తు కుదరలేదు.

మరి టెండర్ల సంగతి. అంచనాలు ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ ప్రామాణిక ధరల పట్టిక) ధరల మీద కడతారు. పోటీ ఉన్నచోట కాంట్రాక్టర్లు అంచనా కన్నా 15, 20 శాతం తక్కువకు కోట్ చేసి పని పట్టుకుంటారు. అంత తగ్గించి నాణ్యంగా ఎలా చేస్తారన్నది అందరికీ తెలిసిన, ఎవరూ అడగని ప్రశ్న. ఇది ఒక కొస. రెండో కొసన, పిలిచినా ఎవరూ రాని టెండర్లు. పాత బిల్లులు ఏళ్లతరబడి రాకపోతే కొత్త పనికి ఎవరు ముందుకొస్తారు? ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ సీఎఫ్‌ఎంఎస్‌లో బిల్లు ఎక్కినా, తెలంగాణలో బిల్లుకు టోకెన్ నంబరు పడినా, డబ్బు పడినట్టు కాదు. బాకీ వచ్చేదాకా అప్పు మీద వడ్డీ కట్టుకునే కాంట్రాక్టరు ఆ వడ్డీని తర్వాతి పనిలో తారు మందంలోంచి రాబట్టుకుంటాడు, లేదా టెండరు వైపే చూడడు. నిర్వహణ పనులు చిన్నవి, చెల్లింపుల వరుసలో వాటి పలుకుబడి ఇంకా చిన్నది. పెద్ద ప్రాజెక్టు కంపెనీ రాజధానిలో కూర్చుని బిల్లు తెప్పించుకోగలదు. మండల స్థాయి ప్యాచ్ వర్క్ చేసినవాడికి ఆ సత్తా ఉండదు.

అప్పు రూపంలో నిర్వహణ

దీనికి విరుగుడుగా వచ్చినవాటిలో టోల్ ఒకటి. హైదరాబాద్–కరీంనగర్–రామగుండం రాజీవ్ రహదారి, నార్కట్‌పల్లి–అద్దంకి–మేదరమెట్ల రోడ్డు ప్రైవేటు పెట్టుబడితో వెడల్పై టోల్ మీద నడిచినవే. అక్కడ సంస్థకు ఆదాయం రోడ్డు బాగుండటంతో ముడిపడి ఉంటుంది. కానీ టోల్ గిట్టుబాటు కావాలంటే లారీలు, కార్లు బాగా తిరగాలి. అలాంటి రాష్ట్ర రహదారులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, ఉన్నవి కూడా ఒక్కొక్కటిగా జాతీయ రహదారులైపోతున్నాయి. మిగిలిన వేల కిలోమీటర్లలో ట్రాక్టర్లు, ఆటోలు, ఆర్టీసీ బస్సులు తిరుగుతాయి. అక్కడ టోల్ గేటు పెడితే వసూలయ్యేది సిబ్బంది జీతాలకూ చాలదు.

రెండోది, ఏళ్ల కాలానికి ఒకే సంస్థకు నిర్వహణ అప్పగించి, గుంత ఇన్ని రోజుల్లో పూడ్చాలి, తుప్పలు ఇంత ఎత్తు దాటకూడదు అని ఫలితాన్ని బట్టి డబ్బివ్వడం. ప్రపంచ బ్యాంకు రెండో ప్రాజెక్టులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దీన్ని చేసి చూసింది. ఎన్ని క్యూబిక్ మీటర్లు పోశారని ఎం బుక్‌లో (పని కొలతల పుస్తకం) రాసే అలవాటున్న శాఖకు, రోడ్డెలా ఉందన్నది కొలిచి బిల్లు రాయడం కొత్త. పని చేయించడం కన్నా ఆ కొలతను నమ్మడమే కష్టమైంది.

మూడోది హ్యామ్, అంటే హైబ్రిడ్ యాన్యుటీ మోడల్. జాతీయ రహదారుల కోసం 2016లో వచ్చిన ఈ పద్ధతిలో ప్రభుత్వం నిర్మాణ సమయంలో 40 శాతం ఇస్తుంది, మిగతా 60 శాతం సంస్థ తెచ్చుకుని పెడుతుంది. నిర్మాణం అయ్యాక ఆ సొమ్మును వడ్డీతో, నిర్వహణ ఖర్చుతో కలిపి ఏళ్ల తరబడి వాయిదాల్లో చెల్లిస్తారు. టోల్ వచ్చినా రాకున్నా సంస్థకు సంబంధం లేదు. ఆ కాలమంతా రోడ్డు చూసుకునే బాధ్యత మాత్రం దానిదే. 2025లో తెలంగాణ ఆర్ అండ్ బీ రోడ్లకు ఇదే బాట పట్టింది. విమర్శకులు దీన్ని మారువేషంలోని అప్పు అంటారు, అది కాదనలేం. అయితే ఈ వేషానికి ఓ లాభముంది. నిర్వహణ సొమ్ము ఒప్పందంలో వాయిదాగా రాసి ఉంటుంది కనుక ఏ ఆర్థిక కార్యదర్శీ కలం పోటుతో దాన్ని కోయలేరు. ఎగ్గొడితే కోర్టు ఉంది, బ్యాంకులున్నాయి. 3054కు లేని రక్షణ ఇదే.

బేరం రెండో వైపు కూడా చూడాలి. వాయిదాలు మొదటి హక్కుదారులైనప్పుడు వాటికి పోగా మిగిలినదే హ్యామ్‌లోకి రాని రోడ్లకు దక్కుతుంది. రద్దీ ఉన్న రోడ్లు ప్యాకేజీల్లోకి పోతాయి. మండల కేంద్రం నుంచి మండల కేంద్రానికి పోయే, రోజుకు నాలుగు బస్సులు తిరిగే రోడ్డు పాత పద్దులోనే మిగిలిపోతుంది. అంతకంతకూ చిన్నదయ్యే మొత్తంలో, అంతకంతకూ ఎక్కువ పగుళ్లున్న రోడ్లు. వాటిలో ఏదెప్పుడు 5054కు అర్హత సాధించేటంతగా పాడవుతుందన్నది ఇప్పటికీ ఆ డివిజన్ ఇంజనీరు అంచనాల ఫైల్లోనే తేలుతోంది.